మెట్టెలు బిగిసిన నెల

మా ఆడబిడ్డ సుబ్బులుకి ఇప్పుడు ఏడో నెల. మొన్న గురజాల నుంచి వచ్చినవాళ్ళ చేత చీటీ పంపింది. "వదినా, ఆఖరి నెలల్లో ఎట్లా ఉంటదో అడిగితే అందరూ నవ్వి ఊరుకుంటున్నారు. నువ్వన్నా ఉన్నదున్నట్టు చెప్పు" అని రాసింది. నాలుగు ముక్కలు రాసి పంపుదామని కూర్చున్నాను. మొదలుపెట్టాక తెలిసింది, ఇది నాలుగు ముక్కల్లో తేలే సంగతి కాదని. నాకు జరిగింది మొదటి నుంచి చివరిదాకా నేనే ఇంతవరకు ఒక్కసారన్నా తలుచుకోలేదు. తలుచుకోబోతే అరచేతులు చల్లబడతాయి. అయినా రాస్తున్నాను. నేను ఐదో తరగతి దాకా చదివినదాన్ని, తప్పులుంటే సర్దుకోండి.

యుద్ధం ఆగిన మరుసటేడు. మార్గశిరంలో, ఏడో నెల ఉండగానే నన్ను పుట్టింటికి తీసుకొచ్చారు. ఎనిమిదో నెలలో ప్రయాణం కూడదని మా వైపు గట్టి పట్టింపు. మా పుట్టిల్లు రాజుపాలెం దగ్గర. ఇంట్లో అమ్మ, నాయన ఇద్దరే. నాకొక అక్క ఉండేది, వీరమ్మ. అప్పటికి నాలుగేళ్ళ కిందట తొలికానుపుకి ఇదే ఇంటికొచ్చి, నరసరావుపేట ఆసుపత్రి వరండాలో పోయింది. బిడ్డా దక్కలేదు. అప్పటి నుంచి ఆసుపత్రి మాట ఎత్తితే అమ్మ మొహం మాడిపోయేది. మంత్రసాని సంతోషమ్మ మా వీధిలోకి రావటమే మానేసింది. అక్కనూ నన్నూ పుట్టించింది ఆ సంతోషమ్మే. నా కానుపుకి అమ్మ పక్కూరి మంత్రసానిని మాట్లాడి పెట్టుకుంది.

పుట్టింట్లో మొదటి నెలంతా బాగానే గడిచింది. సుబ్బులూ, అప్పుడు నాకున్నవన్నీ నీకూ ఉంటాయి, వాటికి భయపడకు. పక్క మీద ఇటు నుంచి అటు తిరగాలంటే లేచి కూర్చుని తిరగాల్సి వస్తుంది. రెండు ముద్దలు తినేసరికి ఆయాసం. మాటిమాటికీ దొడ్లోకి పోవాలనిపిస్తుంది. కడుపు ఉన్నట్టుండి బండలాగా గట్టిపడి, కాసేపుండి వదులుతుంది. మొదటిసారి అట్లా అయినప్పుడు నేను కేక పెట్టాను. అమ్మ నవ్వింది. "అది నొప్పి కాదే పిచ్చిదానా, లోపలున్నది ఒళ్ళు విరుచుకుంటంది" అంది. అక్క పోయాక అమ్మ నవ్వటం నేను చూసింది ఆ రోజే.

పుష్యం వచ్చింది. ఎనిమిదో నెల పడింది.

ముందు పాదాలు ఉబ్బాయి. "నీరు రానిదెవరికి? నువ్వు కడుపులో ఉన్నప్పుడు నా కాళ్ళు రోకళ్ళే" అంది అమ్మ. ఉలవచారు తాగితే తీస్తుందని కాచి పోసింది. నీరు తియ్యలేదు. వారం తిరిగేసరికి గాజులు ముంజేతి మీద కదలటం మానేశాయి. పొద్దున లేచి మొహం కడుక్కుంటుంటే నా చెంపలు నా చేతికే కొత్తగా తగిలాయి. కళ్ళు సగమే తెరుచుకునేవి. తర్వాత తలనొప్పి పట్టుకుంది. నుదుటి మీద ఎవరో మోకాలు పెట్టి కూర్చున్నట్టు, దిగదు. ఆ తర్వాత ఇంకొకటి. కళ్ళ ముందు తాలింపులో ఆవాలు చిటపటమన్నట్టు మెరుపులు లేచేవి. వాకిలి చూస్తే వాకిలి నిండా అవే.

ఈ మెరుపుల సంగతి నేనెవరికీ చెప్పలేదు. ఎందుకంటే అక్క చెప్పింది నాకు. నాలుగేళ్ళ కిందట ఇదే మంచం మీద కూర్చుని, "రత్తాలూ, కళ్ళ ముందు ఏవో మిణుకుమిణుకుమంటన్నయ్యే" అంది. నేను చిన్నదాన్ని, నవ్వాను. ఇప్పుడు నేను చెబితే అమ్మ కూలిపోతుందనుకున్నాను. చెప్పకుండా ఉంటే అది లేనట్టే అనుకున్నాను. భయపడ్డ మనిషి ఎంత తెలివితక్కువ పని చేస్తుందో చూడు.

పుష్యం చివరివారంలో కాలి మెట్టెలు వేళ్ళలోకి దిగబడిపోయాయి. వేలు నల్లబడుతుంటే నాయన కంసాలిని పిలిపించాడు. అతను పీట మీద నా కాలు పెట్టుకుని, ఆకురాయితో చాలాసేపు రాసి తుంచాడు. కడుపుతో ఉన్న పిల్లకి మెట్టెలు తీయటమా అని అమ్మ గిలగిల్లాడి, ఆ వేళ్ళకు పసుపుదారం కట్టింది. దారం కూడా సాయంత్రానికి బిగిసింది. కంసాలి మంచివాడే గాని నోరాగదు. నా కాళ్ళు ఎట్లున్నాయో సాయంత్రానికల్లా ఊరంతా చెప్పాడు. అదే నన్ను బతికించింది.

మర్నాడు పొద్దున్నే సంతోషమ్మ మా గుమ్మం ముందు నిలబడింది. అమ్మ చేటలో కందులు చెరుగుతోంది. తలెత్తి చూసి, "నా వాకిట్లో నీకేం పని?" అంది.

"అమ్మాయి కాళ్ళు చూసి పోతానమ్మా."

"ఒకదాని కాళ్ళు చూశావుగా. చాలదా?"

సంతోషమ్మ ముందుకే నడిచింది. అమ్మ వద్దంటున్నా వినకుండా పంచలో నేను కూర్చున్న చోటికి వచ్చి నా ముందు గొంతుక్కూర్చుంది. నా పిక్క ముందు ఎముక మీద బొటనవేలు పెట్టి నొక్కి తీసింది. గుంట పడింది. ముగ్గురం ఆ గుంట వంకే చూస్తున్నాం. అది పూడదే! ఒక కందిగింజ పెడితే నిలిచేట్టు అట్లాగే ఉంది.

"తలనొప్పి ఉందా తల్లీ?"

"ఉంది."

"కళ్ళ ముందు ఏమన్నా మెరుస్తన్నయ్యా?"

నేను అమ్మ వైపు చూడకుండా తలూపాను.

"నాకెందుకు చెప్పలేదే?" అంది అమ్మ. ఆ గొంతు అమ్మది కాదు.

సంతోషమ్మ లేచి నిలబడింది. చేతులు కొంగుతో తుడుచుకుంటూ, ఎవరి వైపూ చూడకుండా చెప్పింది. "అమ్మా, వీరమ్మ కాళ్ళు కూడా ఇట్లాగే నొక్కి చూశాను. ఇంతే గుంట పడింది. చానా మందికి వస్తది, కానుపైతే పోతది అనుకున్నా. ఆసుపత్రికి పొమ్మంటే నా చేతి మీద నమ్మకం పోతదని కూడా అనుకున్నా. మూడు రోజులు నోరు మూసుకున్నా. నాలుగో రోజు గుర్రపువాతం కొట్టింది. బండి కట్టేలోపు మూడుసార్లు కొట్టింది. మీరు ఆసుపత్రోళ్ళు చంపారంటన్నారు. వాళ్ళు కాదమ్మా. ఆలస్యం నాది."

గుర్రపువాతమంటే తెలియనివాళ్ళకు చెబుతున్నా. నిండు చూలాలికి ఒళ్ళంతా కొయ్యబారి, కాళ్ళూ చేతులూ కొట్టుకుని, నోటి వెంట నురగ వస్తుంది. అక్కకు వచ్చినప్పుడు నన్ను ఇంట్లోంచి బయటికి పంపేశారు. మంచం కోళ్ళు నేలకు కొట్టుకునే చప్పుడు మాత్రం విన్నాను.

అమ్మ సంతోషమ్మను కొడుతుందనుకున్నాను. కొట్టలేదు. చేట పక్కన పెట్టి, స్తంభానికి ఆనుకుని అట్లాగే కూలబడింది. గొడ్ల కొష్టం దగ్గర నిలబడి నాయన అంతా విన్నాడు. "బండి కడుతున్నా" అన్నాడు.

"ఎనిమిదో నెలయ్యా" అంది అమ్మ, నీరసంగా.

"నెలలు లెక్కపెట్టుకుంటా కూర్చోబట్టే ఒకటి పోయింది" అన్నాడు నాయన. నాయన మాట్లాడటమే తక్కువ. నాలుగేళ్ళలో అక్క గురించి ఆయన అన్నది ఆ ఒక్క మాటే.

బండిలో వరిగడ్డి పరిచి, దాని మీద బొంతలు వేశారు. నేను ఎక్కాక అమ్మ సంతోషమ్మను చూసి, "నువ్వు కూడా ఎక్కు. ఏం జరిగినా నా కళ్ళ ముందే ఉండు" అంది. అది కోపమో, తోడు కోసం అడగటమో నాకిప్పటికీ తెలియదు. సంతోషమ్మ ఎక్కింది.

ఆ దారి నేను మరిచిపోను. రేగడిలో బండిచక్రాలు తొక్కిన గాడులు ఎండి రాయిలా ఉన్నాయి. పాలేరుకి పగ్గాలిచ్చి, నాయన ఎడ్ల ముందు నడిచాడు. రాయి కనబడితే వంగి తీసి పక్కన పడేయటం, పెళ్ళ కనబడితే కాలితో చిదపటం. పేట చేరిందాకా అట్లాగే నడిచాడు. నేను పడుకుని ఎదురుగా ఆయన వీపు చూస్తున్నాను. ఆ వీపు మీద కూడా మెరుపులే. ప్రతి కుదుపుకీ 'ఇప్పుడే వస్తుందేమో, ఇప్పుడే వస్తుందేమో' అనుకున్నాను. సంతోషమ్మ నా పళ్ళ మధ్య పెట్టటానికి గుడ్డ చుట్టి చేతిలో పట్టుకుని కూర్చుంది. అదెందుకో నేనడగలేదు. ఆమె కూడా చెప్పలేదు.

దొరసానుల ఆసుపత్రికి చేరేసరికి పొద్దు బాగా వాలింది. వరండా నిండా జనం. చీటీలు తీసుకుని వరసలో కూర్చున్నారు. మెట్ల దగ్గరే అమ్మ ఆగిపోయింది. అక్కను పడుకోబెట్టిన చోటు అక్కడి నుంచి కనబడుతుందట. నన్ను సంతోషమ్మే పట్టుకుని లోపల కూర్చోబెట్టింది. మా ముందు పదిమంది దాకా ఉన్నారు. పక్కన ఒకామె జ్వరంతో కాలిపోతున్న పిల్లవాడిని ఒళ్ళో వేసుకుని కూర్చుంది. ఎవరో, ఏ ఊరో తెలియదు. నా మొహం చూసింది, నా కాళ్ళు చూసింది. పిలుపు వచ్చినప్పుడు తన చీటీ నా చేతిలో పెట్టి, "ముందు నువ్వు పో అమ్మా. వీడికి నేనున్నా" అంది. ఆమెకు నేను సరిగ్గా దణ్ణం కూడా పెట్టలేదు. లేవబోతే తూలాను. అప్పుడు వెనక నుంచి నా రెక్క పట్టుకున్న చెయ్యి అమ్మది. మెట్లు ఎప్పుడు ఎక్కిందో!

దొరసాని డాక్టరు చేతికి పట్టీ చుట్టి గాలి కొట్టి చూసింది. మొహంలో ఏమీ కనబడనివ్వలేదు. "మీరు ఇంటికి వెళ్ళకూడదు. ఇక్కడే ఉండవలెను. ఇంకా రెండు వారములు బిడ్డ లోపల ఉంటే మంచిది. ఈ జబ్బు ఉండనిస్తుందో లేదో చూద్దాము" అంది, పుస్తకం చదివినట్టు.

నన్నొక చిన్న గదిలో పెట్టారు. కిటికీకి ఆకుపచ్చ గుడ్డ కట్టారు. వెలుతురు తగలకూడదు, చప్పుడు వినబడకూడదు, ఎడమ పక్కకే పడుకోవాలి. తినటానికి ఉప్పులేని జావ, ఉప్పులేని అన్నం. పాలు. చీకట్లో పడుకుంటే పని ఒకటే, భయపడటం. బిడ్డ కదిలితే లెక్కపెట్టుకునేదాన్ని. కాసేపు కదలకపోతే చెయ్యేసి నొక్కేదాన్ని. మూడోరోజుకి మా ఆయన రైల్లో వచ్చాడు. లోపలికి రానివ్వలేదు. పొద్దునా సాయంత్రం తలుపవతల నిలబడి ఒకసారి దగ్గేవాడు. నేనున్నానని చెప్పటం. నర్సమ్మ రాహేలు మందలించింది గాని, మర్నాడు ఆ దగ్గు వినబడకపోతే తనే వెళ్ళి, "ఏమయ్యా, ఇవాళ దగ్గు తగ్గిందా?" అని అడిగిందట.

ఒకరోజు అమ్మ కొంగులో దాచి ఇంత చింతకాయ పచ్చడి తెచ్చింది. "ఆ చప్పిడి కూడు ఎట్లా దిగుతదే నీకు? రెండు ముద్దలకి" అని నా నోట్లో పెట్టబోతుంటే రాహేలమ్మ వచ్చింది. తిట్టలేదు. అమ్మను చెయ్యి పట్టుకుని బల్ల దగ్గరికి తీసుకెళ్ళింది. పొద్దున నేను ఒంటికి పోసినప్పుడు పట్టిన నీళ్ళు గాజుగొట్టంలో పోసి, చిన్న దీపం మీద వెచ్చబెట్టింది. తేటగా ఉన్న నీళ్ళు చూస్తుండగానే విరిగిన పాలలాగా తెల్లబడ్డాయి. "నీ కూతురి ఒంట్లో జరిగేది ఇదమ్మా. ఉప్పు పెడితే దీనికి తోడిచ్చినట్టు" అంది రాహేలమ్మ. అమ్మ ఆ గొట్టం వంక చాలాసేపు చూసింది. పచ్చడి పట్టుకెళ్ళి పారేసింది. ఆ తర్వాత నేను ఇంటికొచ్చిందాకా తనూ ఉప్పు వేసుకోలేదని సంతోషమ్మ చెబితే తెలిసింది.

పదకొండో రోజు, మాఘం మొదట్లో, పొద్దున నుంచి తలనొప్పి ఎక్కువైంది. రొమ్ము కింద, కడుపు పైభాగాన ఎవరో పిడికిలి పెట్టి తిప్పుతున్నట్టు నొప్పి. రాహేలమ్మ వచ్చి చూసి పరుగెత్తింది. డాక్టరు అడుగుల చప్పుడు విన్నాను. ఆవాలు, ఆవాలు, కళ్ళ నిండా ఆవాలు. అమ్మను పిలవాలనుకున్నాను. నాలుక తిరగలేదు.

అంతే. ఆ తర్వాత నాకేమీ తెలియదు.

తెలివొచ్చేసరికి చీకటి. నోరంతా పుండు, నాలుక కొరుక్కున్నాను. ఒళ్ళంతా దంచి పడేసినట్టుంది. పక్కన అమ్మ ఊపిరి వినబడింది.

"అమ్మా, దీపం పెట్టలేదేందే?"

"పెడతాలే తల్లీ. కిరసనాయిలు అయిపోయింది, తెప్పిస్తున్నా" అంది.

సరే అనుకుని పడుకున్నాను. ఎడమచేతి మీద ఏదో వెచ్చగా ఉంది. చెయ్యి కదిపితే వెచ్చదనం పోయింది, మళ్ళీ అక్కడ పెడితే వచ్చింది. కిటికీ గుడ్డ సందులోంచి పడే ఎండ అది. మిట్టమధ్యాహ్నం. నా కళ్ళు తెరిచే ఉన్నాయి.

నేను అరవలేదు. ఆ సంగతి మింగుతూ రెండో చెయ్యి కడుపు మీద వేసుకున్నాను. కడుపు మెత్తగా, లోపలికి పోయి ఉంది.

"బిడ్డేదమ్మా?"

"ఉందే. బాగుంది. పక్కగదిలో ఉంది."

"తీసుకురా."

"తేకూడదంటన్నారు."

దీపం గురించి అబద్ధమాడిన నోరు బిడ్డ గురించి నిజం చెబుతుందని ఎట్లా నమ్మను? ఏడుపు వినిపించమన్నాను. అది ఏడవదట, ఏడ్చే శక్తి లేదట. అప్పుడు నాకు రూఢి అయిపోయింది. మా ఆయన లోపలికొచ్చి చెప్పాడు. ఆయన మాటా నమ్మలేదు. రాహేలమ్మ చెప్పింది. జీతానికి పనిచేసేవాళ్ళు ఓదార్చటానికి ఏదైనా చెబుతారనుకున్నాను. ఆ గంట, గంటన్నర నేను బిడ్డ పోయిన తల్లినే. మొహం గోడకు తిప్పుకుని, అక్క దగ్గరికి పోతే బాగుండుననుకున్నాను. ఇది రాయటానికి సిగ్గుగా ఉంది. కాని ఉన్నదున్నట్టు చెప్పమంది సుబ్బులు.

చివరికి "సంతోషమ్మను పిలవండి" అన్నాను.

ఆమె ఆసుపత్రి దొడ్లో పొయ్యి పెట్టుకుని మా వాళ్ళకు వండి పెడుతోంది. వచ్చి మంచం పక్కన కూర్చుంది. పొగ వాసన వేసింది.

"నువ్వు చెప్పు" అన్నాను.

సంతోషమ్మ చెప్పింది. "ఒకసారి దాచాను తల్లీ. ఇంక దాచను. నీకు గుర్రపువాతం రెండుసార్లు కొట్టింది. పట్టుకారు వేసి బిడ్డను తీశారు. ఆడపిల్ల. మూడున్నర పౌన్లంట, నా రెండు దోసిళ్ళంత. దూదిలో చుట్టి, వేణ్ణీళ్ళ సీసాల మధ్య పెట్టారు. ఊపిరి తీస్తంది, నేను చూసొచ్చా. ఇవాళ బతికుంది. రేపటి మాట నేను చెప్పలేను, డాక్టరమ్మా చెప్పలేదు. నీ కళ్ళు వస్తాయంటంది, ఎప్పుడో తెలవదంట."

అంత చేదు మాట విని నేను మొదటిసారి ఏడ్చాను. బాగుందని చెప్పి ఉంటే నమ్మేదాన్ని కాదు. రేపటి మాట చెప్పలేనన్నది చూడు, అందుకు నమ్మాను. సుబ్బులూ, చూలాలికి ధైర్యం చెప్పేవాళ్ళు చానా మంది ఉంటారు. నిజం చెప్పేవాళ్ళను ఒక్కరినన్నా దగ్గర పెట్టుకో. నీకై నువ్వు కూడా ఏదీ దాచకు. మొహం ఉబ్బినా, తలనొప్పి దిగకపోయినా, కళ్ళ ముందు మెరిసినా, బిడ్డ కదలటం తగ్గినా, ఆ పూటే నోరు తెరిచి చెప్పు. నవ్వితే నవ్వనీ.

రెండు రోజులు చీకట్లోనే ఉన్నాను. రాహేలమ్మ నా పాలు గిన్నెలోకి పిండుకెళ్ళి, దూది ముంచి చుక్కలు చుక్కలుగా పట్టేది. ప్రతిసారీ ఎన్ని చుక్కలు మింగిందో వచ్చి చెప్పేది. తలుపు చప్పుడైతే చాలు, ఏ కబురు తెచ్చారోనని గుండె ఆగేది. మూడోరోజు పొద్దున ఎదురుగా బూడిదరంగుగా ఒక చదరం తెలిసింది. కిటికీ. మధ్యాహ్నానికి ఆకుపచ్చ గుడ్డ ఆకుపచ్చగా కనబడింది. సాయంత్రానికి అమ్మ మొహం. పదమూడు రోజుల్లో అమ్మ ముసలిదైపోయింది.

బిడ్డను ఆరోరోజు చూపించారు. చూసి భయపడ్డాను. చర్మం కింద నరాలు కనబడుతున్నాయి. కనుబొమలు లేవు. ఒళ్ళంతా నూగు. నా చూపుడువేలు దాని అరచేతిలో పెడితే పట్టుకోలేదు. మూలగటం తప్ప ఏడవటం రాలేదు దానికి. తర్వాత రోజులన్నీ ఆ సీసాలు చల్లారకుండా చూసుకోవటమే. అమ్మ, సంతోషమ్మ వంతులవారీగా నీళ్ళు కాచి తెచ్చేవాళ్ళు. ఇద్దరూ ఒకరితో ఒకరు అవసరానికి మించి మాట్లాడుకోలేదు. కాని ఒకరు లేస్తే ఒకరు కూర్చునేవాళ్ళు.

పద్దెనిమిదో రోజు పొద్దున రాహేలమ్మ దూది మారుస్తోంది. కిటికీ తీసి ఉంది, మాఘమాసం చలిగాలి ఒకటి వచ్చి బిడ్డ ఒంటికి తగిలింది. అది మొహమంతా ముడిచి, నోరు తెరిచింది. ముందు చప్పుడు రాలేదు. తర్వాత వచ్చింది. పిల్లిపిల్ల అరుపులాగా సన్నగా మొదలై, గట్టిపడి, గదంతా నిండింది. వార్డులో ఆడవాళ్ళంతా మంచాల మీద లేచి కూర్చున్నారు. తలుపవతల మా ఆయన, "ఏమైంది? ఏమైంది?" అంటున్నాడు. ఊరుకోబెట్టటానికి రాహేలమ్మ బిడ్డను ఎత్తుకోబోతే అమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"ఉండమ్మా, ఎత్తుకోమాక. ఏడవనీ" అంది. మంచం అంచు పట్టుకుని వంగి, కళ్ళ వెంట నీళ్ళు కారిపోతుంటే దాని మొహంలోకి చూస్తూ, "ఏడువు తల్లీ, ఇంకా గట్టిగా ఏడువు" అంది.